చెమ్మ ఉందోయ్

ఆయన ఎవరింటికి వచ్చినా చెప్పులు విప్పగానే ముందు బాత్రూమ్‌లోకి వెళ్ళేవాడు. అవసరం ఉండి కాదు. తలుపు కూడా వేసుకునేవాడు కాదు. షవర్ పక్కన గోడకి కుడిచెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపు ఆనించి, పిల్లాడికి జ్వరం చూస్తున్నట్టు కాసేపు కళ్ళు మూసుకుని నిలబడేవాడు. తరవాత హాల్లోకి వచ్చి, కాఫీ కప్పు చేతికి అందక ముందే తీర్పు చెప్పేసేవాడు.

"చెమ్మ ఉందోయ్."

శాన్ రామన్‌లో మా గృహప్రవేశం రోజున కూడా అంతే. పురోహితుడు సంకల్పం చెప్పిస్తున్నాడు. నేనూ మా ఆవిడా పీటల మీద కూర్చుని ఉన్నాం. ఆయన మేడ మీది నుంచి గబగబా దిగివచ్చి, నా చెవి దగ్గర వంగి, "పై బాత్రూమ్‌లో చెమ్మ ఉందోయ్, బిల్డర్‌ని పిలిపించు" అన్నాడు. చెవిలో చెప్పానని ఆయన అనుకున్నాడు గానీ ఆ మాట వంటింట్లో పులిహోర కలుపుతున్నవాళ్ళకి కూడా వినబడింది. ఆ పూట మొదలు ఆయన పేరెత్తితే మా ఆవిడ ముఖం మాడ్చుకునేది. గోడ తెరిపించి చూస్తే నిజంగానే చెమ్మ ఉంది. దాంతో ఆమె కోపం రెట్టింపయింది.

ఆయన పోయి ఇంకా నెల కాలేదు. గుండె ఆగిపోయిందన్నారు. దహనానికి వచ్చినవాళ్ళు చేతులు కట్టుకుని వరసగా నిలబడి, ఎంత మంచి మనిషో అంటే ఎంత మంచి మనిషో అనుకున్నారు. వాళ్ళలో సగంమంది ఆయన్ని ఇంటికి పిలవడం మానేసి ఏళ్ళయింది. పోయినవాణ్ణి మంచివాడనడానికి మనవాళ్ళకి నోరు నొప్పి పుట్టదు. నేను మాత్రం అనలేకపోయాను. ఆయన మీద నాకు కోపం ఉంది. ఇది రాస్తున్నప్పుడూ ఉంది.

మేమిద్దరం ఒకే కంపెనీలో పనిచేశాం. నాది కోడ్ రాసే పని, ఆయనది టెస్టింగ్. ఆయన కాకినాడ, నేను వరంగల్. నాకన్నా పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచేవాణ్ణి. టెస్టింగ్‌లో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. అలాగే రిలీజ్‌కి ఓకే చెప్పడానికి అంతలా ఏడిపించినవాణ్ణీ చూడలేదు. అన్ని టెస్టులూ పాసయ్యాక కూడా, స్క్రీన్ వంక అనుమానంగా చూస్తూ, "పాసయిందంటే ఏవిటోయ్ అర్థం? మనకి దొరకలేదనేగా" అనేవాడు. చివరికి మేనేజర్ విసిగిపోయి ఆయన బదులు తనే ఓకే కొట్టేవాడు. ఇళ్ళ ధరలు కుప్పకూలి ఉద్యోగాలు ఊడిన ఏడాది మా గ్రూపులో మొదట తీసేసింది ఆయన్నే.

ఆ వెనకే కాపురం కూడా చెడింది. ఎందుకు చెడిందో నేనెవరినీ అడగలేదు. అయినా ఒకసారి ఇండియన్ స్టోర్‌లో కూరగాయల దగ్గర కనబడినప్పుడు వాళ్ళావిడే అంది.

"మీ అన్నగారు చెడ్డవాడు కాదు తమ్ముడూ. కానీ ఆయనతో ఉంటే రోజూ ఇంటర్వ్యూకి కూర్చున్నట్టే ఉంటుంది. ఎన్నాళ్ళని కూర్చుంటాను?"

ఇల్లు ఆమెకి వచ్చింది, కూతురు ఆమె దగ్గరే ఉండిపోయింది. ఆయనకి ట్రైలర్ మిగిలింది. కూతురు చిన్నప్పుడు సెలవులకి యోసెమిటీ వైపు వెళ్ళడానికని మోజుపడి కొన్న ట్రావెల్ ట్రైలర్ అది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే డబ్బా ఇల్లు. అందులోనే మంచం, గ్యాస్ పొయ్యి, మనిషి ఒద్దికగా నిలబడితే సరిపోయే షవర్. లివర్‌మోర్ దాటి, గాలిమరల కొండలు దిగాక, ట్రైలర్లకి అద్దెకి చోటిచ్చే ఒక పార్క్‌లో దాన్ని నిలబెట్టి అందులో కాపురం పెట్టాడు. అడిగినవాళ్ళకి మాత్రం "టూరింగ్‌లో ఉన్నానోయ్" అని చెప్పేవాడు. చక్రాలకి అడ్డంగా చెక్కలు పెట్టి ఉన్న ఆ ట్రైలర్ ఒక్క అంగుళం కదిలిన పాపాన పోలేదు.

కూతురు ఎయిత్ గ్రేడ్‌లో ఉండగా మొదటిసారి వీకెండ్‌కి ఆ ట్రైలర్‌కి వెళ్ళింది. ఆ పిల్లకి ఆస్త్మా. తండ్రి మంచం ఆమెకిచ్చి తను కింద పడుకున్నాడు. ఆ మంచం తల దగ్గరి గోడకి అవతలే షవర్. తెల్లారేసరికి పిల్లకి ఊపిరి అందలేదు. ఎమర్జెన్సీకి పరుగెత్తారు. గండం గడిచింది. ఆయన వెనక్కి వచ్చి మంచం పక్క అలమర లోపలి పలక ఊడదీసి చూస్తే, గోడ లోపలంతా నల్లగా బూజు. ఊళ్ళో అందరి గోడలూ తడిమినవాడు తన తల దగ్గర గోడ తడమలేదు.

వాళ్ళావిడ ఫోన్‌లో ఒక్కటే మాట అంది. "ఆ డబ్బా పూర్తిగా ఆరిందాకా పిల్లని పంపను."

భయంలో, కోపంలో అన్న మాట అది. ఏ తల్లయినా అంటుంది. ఆమె నాలుగు రోజులకి చల్లబడి ఉంటుంది కూడా. ఈయన మాత్రం ఆ మాటని పట్టుకుని కూర్చున్నాడు. "పూర్తిగా అందోయ్. పూర్తిగా" అని నాతో మళ్ళీ మళ్ళీ అనేవాడు.

అప్పటి నుంచి నేను వీలైన శనివారమల్లా వెళ్ళేవాణ్ణి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అలమరలోకి తల దూర్చేవాడు. నేను వెనకాల టార్చి పట్టుకునేవాణ్ణి. షవర్ కుళాయి వెనకభాగం అక్కడ కనబడుతుంది. వేణ్ణీళ్ళ గొట్టం, చన్నీళ్ళ గొట్టం, రెండూ ప్లాస్టిక్కే. వాటిని కుళాయికి కలిపే మరలూ ప్లాస్టిక్కే. వాటిని చేత్తో బిగించి, ఆపైన ఒక్క పిసరు తిప్పి వదిలేయాలట. మన ఆయన అనుమానం కొద్దీ రెంచి పెట్టి బలంగా బిగించాడు. మర సన్నగా బీట వారింది. కారకూడదని బిగిస్తే బిగించినందుకే కారింది. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

మర మార్చాడు. పార్క్ కుళాయి ఒత్తిడికి గొట్టాలు తట్టుకోలేవని తెలుసుకుని, ఒత్తిడి తగ్గించే చిన్న ఇత్తడి బిళ్ళ తెచ్చి కుళాయికి బిగించాడు. చలికాలంలో నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగలకుండా, మంచు పడుతుందనగానే లైన్లన్నీ ఖాళీ చేసేవాడు. టిష్యూ కాగితం మడిచి ఒక్కో అతుకు చుట్టూ తుడిచి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసేవాడు. ట్రైలర్‌లో నీళ్ళ పంపు ఒకటి ఉంటుంది. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు అది దానంతట అది టక్కున కొట్టుకుందంటే ఎక్కడో కారుతున్నట్టే లెక్క. అందుకని పార్క్ కుళాయి కట్టేసి, పంపు వేసి, కుర్చీలో కూర్చుని, తల ఒక పక్కకి వాల్చి వినేవాడు. మనం మాట్లాడకూడదు. దగ్గకూడదు. నేను తెచ్చిన బిర్యానీ చల్లారిపోయేది.

పంపు కొట్టుకోలేదు. అతుకులు పొడిగానే ఉన్నాయి. అయినా గోడ అడుగున చెమ్మ. కొన్నాళ్ళు కనబడేది కాదు, మళ్ళీ వచ్చేది. దాని గుట్టు విప్పింది పక్క ట్రైలర్ ముసలాయన, ఒక అమెరికన్. మన ఆయన స్నానం చేసి బకెట్టూ, మగ్గూ, చిన్న ప్లాస్టిక్ పీటా తెచ్చి బయట ఎండలో బోర్లిస్తుంటే చూశాడు.

"ఆ బకెట్ నిండా నీళ్ళు పట్టి లోపల పెడతావా?" అని అడిగాడు ఇంగ్లీషులో.

"పెట్టకపోతే స్నానం ఎలా?"

"షవర్ ఉందిగా?"

షవర్ గురించి ఆయన అభిప్రాయం మాకందరికీ తెలుసు. "షవర్ కింద నుంచుంటే దాన్ని తడవడం అంటారోయ్, స్నానం అనరు." అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ ఆయన బకెట్ వదల్లేదు. ఇళ్ళల్లో టబ్బులు దిట్టంగా ఉంటాయి కాబట్టి చెల్లింది. ట్రైలర్ షవర్‌లో కాళ్ళ కిందుండేది పల్చటి ప్లాస్టిక్ పళ్ళెం. దాని కింద నేల తగలదు, గాలే. నిండు బకెట్ దించినప్పుడల్లా, పీట వేసుకుని కూర్చున్నప్పుడల్లా అది కిందికి వంగి పైకి లేచేది. నీళ్ళు పోయే రంధ్రం పక్కన వెంట్రుకంత పగులిచ్చింది. స్నానం చేసినంతసేపూ అందులోంచి నీరు కిందికి జారి, గోడ వెంట మంచం దాకా పాకింది.

ఆయన పళ్ళెం పైకెత్తి, ఆ పగులు పొడుగునా వేలితో రాశాడు. తరవాత నేల మీద చతికిలబడి, "నేనేనోయ్. నా బకెట్టే. నా పిల్ల ఊపిరి తీయబోయింది" అన్నాడు. అంత పెద్దమనిషి వెక్కి ఏడుస్తుంటే చూడలేక నేను బయటికి వచ్చేశాను.

కొత్త పళ్ళెం తెచ్చి, కింద ఎక్కడా బోలు లేకుండా సిమెంటు మెత్తి, దాని మీద కూర్చోబెట్టాడు. చెక్క కుళ్ళినంత మేరా కోసి పారేసి కొత్తది వేశాడు. అంచులు తోమి, పాత సీలెంట్ గీకి, కొత్తది పట్టించాడు. బకెట్టూ పీటా ముసలాయనకి ఇచ్చేశాడు. ఆయన బకెట్‌లో టమాటా మొక్క పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి మన ఆయన కూడా అందరిలా షవర్ కింద నిలబడి తడిశాడు. బూజంతా పోయింది. గోడ కరకరలాడేంత పొడిగా తయారైంది. పిల్ల అప్పటికి నైన్త్ గ్రేడ్.

"అన్నా, ఇగ పిలువు పిల్లని" అన్నాను.

ఆయన చెయ్యి తిరగేసి గోడకి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఏమోనోయ్, లోపలెక్కడో చెమ్మ ఉన్నట్టే ఉంది."

"ఏడున్నది? నేను పట్టుకుని చూసిన. ఎండు కట్టె లెక్క ఉన్నది."

"నీకు తెలీదులే."

ఆదివారం పొద్దున్న కూతురికి ఫోన్ చేసేవాడు. పిల్లతో తెలుగు తప్ప మాట్లాడనని పంతం. "వాళ్ళమ్మ ఎటూ ఇంగ్లీషే. నాతో అయినా నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడకపోతే ఎలాగోయ్?" అనేవాడు. నేనక్కడ ఉన్నప్పుడు ఆ మాటలు కొన్ని నా చెవిన పడ్డాయి.

"లీకు బాగుచేసేశానమ్మా. లీకు లేదు. చెమ్మే ఇంకా ఉంది... ఆఁ, చెమ్మ పోగానే నిన్ను తీసుకొస్తాను... లేదు తల్లీ, చెమ్మ ఉండగా నువ్విక్కడ ఉండకూడదు. చెమ్మ నీకు పడదు."

అవతల నుంచి ఓకే నాన్నా అని వినబడేది. ఫోన్ పెట్టేశాక ఆయన మళ్ళీ వెళ్ళి గోడ తడిమేవాడు.

తరవాత కొత్త సాకు పట్టుకున్నాడు. షవర్ పైన కప్పులో వెలుతురు కోసం చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాని చుట్టూ కూడా కొత్త సీలెంట్ పట్టించాడు. దాన్ని పరీక్షించాలంటే ఒక గట్టి వాన పడాలన్నాడు. "గాలీవానా కలిసి కొట్టాలోయ్. దానికీ నిలబడితే ఇక అనుమానం లేదు. మర్నాడే వెళ్ళి పిల్లని తెచ్చుకుంటాను."

"హోస్ పెట్టి కొట్టరాదే అన్నా. వాన లెక్కనే ఉంటది."

"హోస్ నీళ్ళు వేరు, వాన వేరు."

నాకు ఒళ్ళు మండింది. కూతురు కారులో గంట దూరంలో ఉంది. ఈయన ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాడు. నువ్వే శాన్ రామన్‌లో వాళ్ళింటికి వెళ్ళి పిల్లని చూడరాదా అంటే, "ఆ ఇంటికి చుట్టంలా ఎలా వెళ్ళనోయ్? నా ఇంటికి తను రావాలి గానీ" అనేవాడు. ఆ డబ్బాని ఆయన ఇల్లు అన్నది అప్పుడొక్కసారే. ఒక రోజు ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "నువ్వు దాన్ని రిలీజ్ చెయ్యవు అన్నా, సచ్చేదాకా టెస్టే చేస్తవ్" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వి, "దొరకనిదాన్ని లేదంటే ఎలాగోయ్?" అన్నాడు.

ఆ వాన రాలేదు. ఇక్కడ వానలు పడేది చలికాలంలోనే; ఎలాంటి చలికాలాలు గడిచాయో ఇక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. మొదటి ఏడాది ఏవో కాసిని చినుకులు పడితే ఆయన వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఆ తరవాత అవీ తక్కువే. గాలిమరల కొండలు జనవరిలో పచ్చగా ఉండాల్సింది పోయి ఎండుగడ్డి రంగులోనే ఉండిపోయాయి. మా వీధిలో లాన్లన్నీ ఎండబెట్టుకున్నారు. ఆయన ఆదివారం ఫోన్లు మాత్రం ఆగలేదు. పిల్ల హైస్కూల్ ముగించింది, కాలేజీకి డేవిస్ వెళ్ళింది. ట్రైలర్‌కి మాత్రం మళ్ళీ రాలేదు.

దహనం అయిన వారానికి పార్క్ వాళ్ళు ట్రైలర్ ఖాళీ చేయమన్నారు. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి, "అంకుల్, నేను కూడా వస్తాను, ఓకేనా?" అంది. ఇద్దరం నా కారులో వెళ్ళాం. దారి పొడుగునా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తండ్రి ముక్కే, తండ్రి నుదురే.

తలుపు తీశాక ఆమె వెంటనే లోపలికి రాలేదు. మెట్టు మీద ఆగి, "ఎవరైనా ఉన్నారా లోపల?" అని అడిగింది. ఎవరుంటారమ్మా అన్నాను. లోపలికి వచ్చి అలమర తెరిచింది. నాలుగు చొక్కాలు, ఒక స్వెట్టర్. సొరుగులు లాగింది. బాత్రూమ్ అద్దం వెనక చూసింది. ఒక్క బ్రష్, ఒక్క దువ్వెన. ఏదో వెతుకుతోందని అర్థమైంది గానీ ఏమిటో అర్థం కాలేదు.

"ఏం కావాలమ్మా?"

"ఆమె స్టఫ్ ఏం లేదు అంకుల్. తీసుకుని వెళ్ళిపోయిందా?"

"ఎవరు?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను దాస్తున్నానని అనుకుంది. "ఇట్స్ ఓకే అంకుల్. నాకు తెలుసు. చెమ్మ."

ఆ పిల్ల తెరిచిన సొరుగు మూసేసి మళ్ళీ అందుకుంది.

"ఫ్యునరల్‌కి కూడా రాలేదు కదా? నేను చూశాను, ఎవరా అని. అమ్మకి చెప్పలేదు నేను. హర్ట్ అవుతుంది అని. లీక్ ఇంకా ఫిక్స్ కాలేదు అని చెప్పాను, ఎవ్రీ టైమ్. నాన్న ప్రతి సండే అదే చెప్తాడు. చెమ్మ ఉంది, చెమ్మ పోతే నువ్వు రా. చెమ్మకి నేను నచ్చను అని. ఒకసారి చెమ్మ కొంచెం తగ్గింది అన్నాడు. డైటింగ్ అనుకున్నా."

నేనెలా చెప్పను? ఆ పిల్ల తప్పేముంది? మన భాషలో ఆడమనిషికీ, గోడలో తడికీ ఒకటే 'ఉంది', ఒకటే 'పోయింది'. ఆ తేడా పట్టుకోవడానికి పక్కన కూర్చుని నేర్పే మనిషి ఉండాలి. నేర్పాల్సిన మనిషి ఫోన్‌లో ఉన్నాడు.

"చెమ్మ అంటే మనిషి కాదమ్మా. చెమ్మ అంటే తడి. గోడలో తడి. డ్యాంప్."

ఆమె పెదాలు రెండుసార్లు ఆ ఇంగ్లీషు మాటని చప్పుడు లేకుండా పలికాయి.

"డ్యాంప్," అంది చివరికి. "డ్యాంప్ అనొచ్చు కదా? నాన్నకి ఇంగ్లీష్ వచ్చు కదా?"

"వచ్చు."

"హైస్కూల్ అంతా నేను ఆమెని హేట్ చేశాను అంకుల్. ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. నాన్నని కూడా..." నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. ఆయన ఎదురుగా ఉంటే చొక్కా పట్టుకుని ఊపేసేవాణ్ణి. నీ తెలుగు తగలెయ్య, నీ పరీక్షలు తగలెయ్య అని అరిచేవాణ్ణి.

ఆమె అలమర పక్క గోడ దగ్గరికి వెళ్ళింది. అరచెయ్యి ఆనించింది. అటూ ఇటూ, పైనా కిందా తడిమింది. మోకాళ్ళ మీద కూర్చుని అడుగున కూడా చూసింది.

"ఇది డ్రై గా ఉంది."

"అవునమ్మా."

"ఎప్పటినుంచి?"

పోయిన వారమే ఆరిందని చెబుదామా అనిపించింది. అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల దగ్గర అప్పటికే చాలినన్ని తప్పుడు సంగతులున్నాయి.

"నువ్వు నైన్త్ గ్రేడ్‌లో ఉన్నప్పటినుంచి."

ఆమె గోడ మీది నుంచి చెయ్యి తీయలేదు. "అయితే నన్ను ఎందుకు పిలవలేదు?"

"ఒక పెద్ద వాన పడాలన్నాడమ్మా. ఆ వానకి కూడా ఇది తడవకపోతే, మర్నాడే వచ్చి నిన్ను తెచ్చుకుంటానన్నాడు."

తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి చూసింది. ఎండ కళ్ళు చెదిరేలా కాస్తోంది.

"వాన పడలేదు కదా అంకుల్," అంది.

"పడలేదమ్మా," అన్నాను.